క్యూర్ వేరు, కంట్రోల్ వేరు

క్యూర్, కంట్రోల్ అనే రెండు ఇంగ్లీషు మాటలు ఈనాడు పల్లెలలో సైతం తెలుగు మాటలై కూర్చున్నవి. ఇంగ్లీషు అక్షరం ఎరుగని వృద్ధురాలు కూడా "నాకు షుగరు కంట్రోల్లో ఉంది బాబూ" అంటుంది. ఆమె ఇంటి ఎదుటి గోడమీది ప్రకటన "షుగరును క్యూర్ చేస్తాము" అంటుంది. మాటలు రెండూ వచ్చినవి గాని, వాటి నడుమ ఉండవలసిన సరిహద్దు మాత్రం వెంట రాలేదు. అది లేకపోవడం వలన కొందరి ప్రాణాలకే ముప్పు వస్తున్నది. అందుచేతనే, భాషా పండితులకు విడిచిపెట్టవలసిన ఈ విషయాన్ని ఒక వైద్యుడు వ్రాయవలసి వచ్చింది.

"ఇంగ్లీషు వైద్యంలో కంట్రోలే తప్ప క్యూర్ లేదటండీ. ఆయుర్వేదంలో క్యూర్ ఉందని విని వచ్చాం." ఈ మాట నా చెవిన పడని వారం లేదు. చెప్పేవారు దానిని ఆయుర్వేదానికి పొగడ్తగానే చెపుతారు. నేను దానిని పొగడ్తగా స్వీకరించలేను. ఆస్తి పంపకంలా ఒక మాటను ఒక వైద్యానికీ, రెండవ మాటను రెండవ వైద్యానికీ పంచిపెట్టడం శాస్త్రం కాదు. ఇవి వైద్య పద్ధతుల పేర్లు కావు. వ్యాధి స్వభావాన్ని బట్టి, రోగి బలాన్ని బట్టి, చికిత్స ఆరంభించిన కాలాన్ని బట్టి కలిగే ఫలితాల పేర్లు. మందులకు లొంగే క్షయలో ఆరు నెలలు క్రమం తప్పక ఇంగ్లీషు మందులు వాడినవారిలో అత్యధికులకు కలిగేది క్యూరే. పాతబడిన తమకశ్వాసలో, అనగా ఉబ్బసంలో, మేము చేయగలిగేది చాలావరకు కంట్రోలే. ఉబ్బసం కొత్తదైతే సాధ్యం కావచ్చునని, లేనిచో యాప్యమని చరకుడే చెప్పి ఉన్నాడు. ఈ "యాప్యం" అన్న మాట మీదికి తరువాత వస్తాను.

ముందు మన తెలుగులో ఉన్న చిక్కు చూడండి. "నిన్నటి మీద ఈవేళ నయం" అంటాము. దాని అర్థం కొంత మెరుగని. "జబ్బు నయమైపోయింది" అంటాము. దాని అర్థం పూర్తిగా పోయిందని. ఒకే "నయం" రెండు పనులూ చేస్తున్నది. "తగ్గింది" అన్న మాట మరీ మాయలమారి. జ్వరం తగ్గిందంటే ఇక లేదనే అర్థం చేసుకుంటాము. కీళ్ళనొప్పి తగ్గిందంటే ఇంకా కొంత మిగిలి ఉన్నదన్నమాట. షుగరు తగ్గిందంటే పరీక్ష కాగితం మీద అంకె దిగింది, అంతే. పాతకాలపు ఇల్లాండ్రు "మందు గుణమిచ్చింది", "కాస్త నెమ్మదించింది", "జబ్బు కుదిరింది" అని మూడు రకాలుగా చెప్పేవారు. గుణమివ్వడం ఆరంభం, నెమ్మదించడం నడిమి మజిలీ, కుదరడం ముగింపు. ఆ తేడాలు పాటించే నాలుకలు ఇప్పుడు తక్కువైనవి.

ప్రకటనలు వ్రాసేవారికి ఈ చిక్కు బాగుగా తెలుసు. "మధుమేహం నయమవుతుంది" అని వ్రాస్తారు. ఎవరైనా నిలదీస్తే "మెరుగవుతుందనే కదా అన్నాము" అంటారు. డబ్బు చెల్లించిన రోగి మాత్రం "పోతుంది" అని విన్నాడు. మాట ఒకటే, చెప్పినవాని అర్థం ఒకటి, విన్నవాని అర్థం ఒకటి.

ఇంగ్లీషులో ఈ రెండు పదాల పుట్టుక కూడా కొంచెం చెప్పుకుందాము. క్యూర్ అన్నది లాటిన్ భాషలోని "కూరా" నుండి వచ్చినది. కూరా అంటే శ్రద్ధ, కనిపెట్టి చూచుకోవడం. పురావస్తుశాలలో వస్తువులను కాపాడే ఉద్యోగిని క్యురేటర్ అనడం అందుకే. కనుక మొదట ఆ మాట వైద్యుడు చేసే సేవకే పేరు, ఫలితానికి కాదు. ఇక కంట్రోల్ అన్నది ఫ్రెంచి వారి ద్వారా వచ్చిన లెక్కల మాట. ఒక చిట్టాను సరిచూడడానికి దానికి ఎదురుగా మరొక చిట్టా వ్రాసి ఉంచేవారు. ఆ ఎదురు చిట్టాయే కంట్రోల్. మధుమేహ రోగి జేబులో ఉండవలసిన పుస్తకం సరిగ్గా అదే! అయితే పుట్టుకను బట్టి మాటకు నేటి అర్థం చెప్పరాదు, వాడుకను బట్టి చెప్పాలి. నేటి వాడుకలో క్యూర్ అంటే చికిత్స ముగిసిన తరువాత కూడా వ్యాధి తిరిగి రాకపోవడం. కంట్రోల్ అంటే చికిత్స, పథ్యం సాగుతున్నంత కాలం వ్యాధి హద్దులో ఉండడం. "మందు మానితే ఏమవుతుంది?" అని అడిగితే రెండింటి తేడా ఇట్టే తేలిపోతుంది.

ఇంగ్లీషువారు చెప్పేవరకు మనకు ఈ తేడా తెలియదని ఎవరైనా అనుకుంటే పొరపాటు. చరకసంహిత సూత్రస్థానంలోని పదవ అధ్యాయంలో దీని విచారణ ఉన్నది. అక్కడ వ్యాధులను నాలుగు తరగతులు చేశారు. సులువుగా లొంగేది సుఖసాధ్యం. కష్టపడితే లొంగేది కృచ్ఛ్రసాధ్యం. పోదు గాని పథ్యంతో, ఔషధంతో అణచి ఉంచదగినది యాప్యం. చికిత్సకు లొంగదని వైద్యుడు ముందే చెప్పి తప్పుకోవలసినది ప్రత్యాఖ్యేయం. మొదటి రెండూ క్యూర్, మూడవది కంట్రోల్. నాలుగవదానికి నేటి ఆసుపత్రులలో కూడా మంచి మాట ఇంకా కుదరలేదు. గమనించవలసినది ఏమిటంటే, చరకుడు యాప్యాన్ని సాధ్యాల వరుసలో చేర్చలేదు, అసాధ్యాలలోనే ఒక భాగంగా చెప్పాడు. పథ్యంతో రోగికి కొంత సుఖం కలుగుతుంది. స్వల్ప కారణం దొరికితే చాలు, వ్యాధి మరల లేస్తుంది.

యాప్యం అన్న మాటలోని ధాతువు మనకు తెలిసినదే. "కాలయాపన" అని నిందగా వాడుతున్నామే, ఆ యాపనే ఇది. గడిచేట్లు చేయడం, నడిపించడం అని అసలు అర్థం. ఆయువు ఉన్నంతవరకు రోగిని కుంటుపడకుండా నడిపించడమన్నమాట. సుశ్రుతుడు దీనికి చక్కని ఉపమానం చెప్పాడు. కూలబోతున్న ఇంటిని తగిన చోట నిలిపిన ఊతకర్ర ఎట్లా నిలబెడుతుందో, తగిన చికిత్స యాప్యరోగిని అట్లా నిలబెడుతుంది. చికిత్స ఆగిన వెంటనే రోగి నశిస్తాడని కూడా అక్కడే హెచ్చరించాడు. ఊతకర్ర ఇంటిని బాగు చేయదు. అట్లాగని, అది బాగుచేయలేదు కదా అని తీసి పారవేసేవాడు తెలివైనవాడు కాడు.

మా గురువుగారు యోగాలు, అనగా మందుల కూర్పులు, నేర్పడానికి ముందు సాధ్యాసాధ్య విచారం కంఠస్థం చేయించేవారు. పిల్లవాండ్రం, చూర్ణాల మీద ఉన్న ఆసక్తి దీని మీద ఉండేది కాదు. నేటి కళాశాలలలో ఆ పాఠం ఉన్నది, పరీక్షలో ప్రశ్న కూడా వస్తుంది. పట్టా చేతికి వచ్చి బోర్డు కట్టిన తరువాత అది ఎక్కడికి పోతున్నదో తెలియదు.

మధుమేహం సంగతే తీసుకుందాము. శాస్త్రంలో ప్రమేహాలు 20. కఫజాలు 10 సాధ్యం, పిత్తజాలు 6 యాప్యం, వాతజాలు 4 అసాధ్యం. మధుమేహం ఈ చివరి నాలుగింటిలోనిది. ఉపేక్షించిన ప్రమేహాలన్నీ కాలక్రమాన మధుమేహంగా మారుతాయని సుశ్రుతుడు చెప్పాడు. "ఆయుర్వేదం మధుమేహాన్ని క్యూర్ చేస్తుంది" అని గోడలమీద వ్రాయించేవారు చరక సుశ్రుతుల పేర్లు కూడా పక్కనే వ్రాయించడం చూస్తుంటే, ఆ గ్రంథాలను తెరిచి చాలాకాలమైనదని అర్థమవుతున్నది.

ఇంత చెప్పినందువలన నేను అన్నింటికీ "కంట్రోలే, కంట్రోలే" అనే పక్షంలో చేరినట్లు కాదు. ఇంగ్లీషు వైద్యులలో కొందరు షుగరు బయటపడిన మొదటి దినాననే "ఇది జీవితాంతం, మందులు పెరగడమే గాని తగ్గడం లేదు" అని తేల్చి చెప్పేస్తారు. స్థూలకాయం ఉండి, వ్యాధి కొత్తగా వచ్చినవారి విషయంలో ఆ మాట నిలవదు. బ్రిటన్‌లో సుమారు 300 మందిపై జరిగి 2017లో ఫలితాలు వెలువడిన డైరెక్ట్ అనే అధ్యయనంలో, ఆరేళ్ళలోపు వ్యాధి ఉండి ఇన్సులిన్ వాడని స్థూలకాయులను రెండు జట్లు చేశారు. ఒక జట్టువారు కొన్ని నెలలు అతి తక్కువ ఆహారంతో బరువు తగ్గారు. ఏడాది ముగిసేసరికి వారిలో 46 శాతం మందికి మందులు లేకుండానే రక్తంలో చక్కెర మధుమేహపు హద్దుకు లోపల నిలిచింది. 15 కిలోలు, అంతకు మించి తగ్గినవారిలో ఈ సంఖ్య 86 శాతం. మామూలు చికిత్స పొందిన రెండవ జట్టులో 4 శాతమే.

మన శాస్త్రం స్థూలప్రమేహినీ కృశప్రమేహినీ వేరు చేసి, బలవంతుడైన స్థూలునికి శోధనం, కృశునికి పోషణ చెప్పింది. ధనహీనుడైన రోగి చెప్పులూ గొడుగూ లేకుండా, భిక్షాన్నంతో, ఒక ఊరిలో ఒక రాత్రికి మించి నిలువక వంద యోజనాలు నడవాలని సుశ్రుతుడు విధించాడు. ఆ విధి వెనుక ఉన్న యుక్తికి ఇప్పుడు తూకపు రాళ్ళతో లెక్క దొరికినది. (నా వద్దకు వచ్చే స్థూలకాయులకు వంద యోజనాలు చెప్పను. వారు లిఫ్టు మాని మెట్లు ఎక్కితే అదే పదివేలు.)

ఇక్కడ ఇంగ్లీషు వైద్యులు పాటించిన మర్యాదను మనం గమనించాలి. ఇంత ఫలితం చూచి కూడా వారు దానికి క్యూర్ అని పేరు పెట్టలేదు. రెమిషన్ అని మూడవ మాట పెట్టారు. అనగా వ్యాధి ప్రస్తుతానికి వెనుకకు తగ్గి ఉన్నది, మరల రావచ్చునని. 2021లో నిపుణులు కూడి దానికి కొలత కూడా నిర్ణయించారు. చక్కెర మందులన్నీ ఆపి కనీసం మూడు నెలలు గడిచాక హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.5 శాతానికి తక్కువ ఉండాలి. ఆ తరువాత కూడా పరీక్షలు మానరాదు. పైన చెప్పిన అధ్యయనంలోనే రెండవ ఏడాది చివరకు 46 శాతం కాస్తా 36కు దిగింది. స్వల్ప కారణంతో మరల లేస్తుందని చరకుడు అన్నది ఇట్టి దాని గురించే.

దీనికి పూర్తిగా భిన్నమైనది మరొక మధుమేహం ఉన్నది. సాధారణంగా పిల్లలలో, యువకులలో బయటపడేది. శరీరం ఇన్సులిన్ తయారుచేయడమే దాదాపు మానివేస్తుంది. దీనికి బరువు తగ్గడం మందు కాదు, ఆ పిల్లలు అసలే చిక్కిపోయి ఉంటారు. 1922 జనవరిలో టొరంటో నగరంలో 14 ఏళ్ళ లెనార్డ్ థాంప్సన్ అనే బాలునికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. అంతకు ముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలు బ్రతికేది నెలలలోనో, ఒకటి రెండేళ్ళలోనో లెక్క. ఆ బాలుడు మరి 13 ఏళ్ళు బ్రతికాడు. అతనికి క్యూర్ కాలేదు. ప్రతిదినం సూది పడింది, బ్రతికాడు. సుశ్రుతుడు చెప్పిన ఊతకర్రకు ఇంతకు మించిన నిదర్శనం నాకు తెలియదు.

కొంతకాలం క్రిందట ఒక తండ్రి పన్నెండేళ్ళ కొడుకును మోసుకొని నా వద్దకు వచ్చాడు. ఎవరో పొడి ఇచ్చి, "ఇది క్యూర్ చేస్తుంది, ఇంక సూదులతో పనిలేదు" అన్నారట. ఇన్సులిన్ ఆపి నాలుగు దినాలైనది. పిల్లవాడు వాంతులతో, కడుపునొప్పితో సొమ్మసిల్లి ఉన్నాడు. శ్వాస లోతుగా, వేగంగా ఆడుతున్నది. నోట మగ్గిన పండు వాసన. నేను నాడి చూచి కాలం గడపలేదు, మందుల పెట్టె తెరవలేదు. నా మనిషిని తోడిచ్చి, ఆ క్షణమే ఆసుపత్రికి పంపాను. సెలైన్, ఇన్సులిన్ పడినవి. పిల్లవాడు దక్కాడు. తరువాత ఆ తండ్రి వచ్చి, "వాళ్ళు ఇంగ్లీషు డాక్టరు కంట్రోలే అన్నాడని చెప్పి నవ్వారండీ. నాకూ ఆ మాట చిన్నదిగా అనిపించింది" అన్నాడు. ఆ మాట చిన్నదని అతనికి నేర్పినది ఎవరు? మన వైద్యులమే. ఏళ్ళ తరబడి "వారిది కంట్రోల్ మాత్రమే" అని ఈసడించి, ఆ మాటకు ఉన్న విలువను మనమే తీసివేశాము.

ఈ పత్రిక పాఠకులకు గృహవైద్యం మీద ప్రీతి కనుక ఒక మాట. ఉసిరిక, పసుపు ప్రమేహంలో శ్రేష్ఠమైన జంట, నేనూ వాడుతాను. మెంతులు, కాకర, నేరేడు గింజలు, తిప్పతీగ తగిన రోగికి సహాయపడేవే. పొడపత్రికి మధునాశిని అన్న పేరు చూచి, అది మధుమేహాన్నే నాశనం చేస్తుందని చాలామంది నమ్ముతారు. ఆ ఆకు నమిలి నోట పంచదార వేసుకొని చూడండి, ఇసుకలా ఉంటుంది. కొంతసేపు నాలుకపై తీపి తెలియదు. పేరు అందుకు వచ్చినది. ఇవేవీ ఇన్సులిన్‌కు బదులు కావు. ఇంగ్లీషు మాత్రలతో, ఇన్సులిన్‌తో కలిపి వీటిని వాడేటప్పుడు చక్కెర మరీ పడిపోవచ్చును. చెమట, వణుకు, ఆకలి, తికమక కనబడితే, మింగగలిగిన స్థితిలో ఉన్నంతసేపు వెంటనే పంచదార నీళ్ళు ఇవ్వాలి. స్పృహ తప్పినవారి నోట ఏమీ పోయరాదు, ఆసుపత్రికి తీసుకొని పోవాలి. ఏ మూలిక వాడుతున్నదీ ఇంగ్లీషు డాక్టరుకు చెప్పండి, ఏ మాత్రలు వాడుతున్నదీ మాకు చెప్పండి. దాచడంలో గౌరవం లేదు.

నా సహవైద్యులు కొందరు "మీరన్నట్లు యాప్యమని చెపితే రోగి ఎదుటివీధికి పోతాడు, ఆశ చచ్చిపోతుంది" అంటారు. పోతాడు, నిజమే. నా వద్ద నుండి పోయినవారు ఉన్నారు. కాని అసాధ్యాన్ని సాధ్యమని చేపట్టిన వైద్యునికి ధనం, విద్య, యశస్సు నష్టమవుతాయని, లోకనింద వస్తుందని అదే పదవ అధ్యాయంలో ఉన్నది. ఆశ అన్నారు గనుక అడుగుతున్నాను. నలభై ఏళ్ళు కళ్ళు, మూత్రపిండాలు, పాదాలు పోగొట్టుకోకుండా బ్రతకవచ్చునన్నది ఆశ కాదా? చట్టం సంగతి వేరే చెప్పనక్కరలేదు. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టంలోని జాబితాలో మధుమేహం ఉన్నది. దానికి చికిత్స అనిగాని, ఉపశమనం అనిగాని, నివారణ అనిగాని మందును ప్రజలకు ప్రకటించడం నిషిద్ధం. క్యూర్ అన్న మాటను కంట్రోల్ అని మార్చి గోడమీద వ్రాసినా ఒడ్డున పడరు. నేను చెప్పేది గోడమీది మాట గురించి కాదు. రోగి ఎదుట కూర్చుని చెప్పవలసిన మాట గురించి.

నా చీటీ పైభాగాన, మందుల పేర్లకు ముందు, ఆ నాలుగు పదాలలో ఒకటి వ్రాస్తాను. "యాప్యం" అని వ్రాసినప్పుడు దాదాపు ప్రతి రోగీ "అంటే ఏమిటండీ?" అని అడుగుతాడు. ఇంటిని, ఊతకర్రను చెపుతాను. రెండు వరుసల పుస్తకం ఒకటి పెట్టుకోమంటాను. ఎడమవైపు తిన్నది, నడిచినది, వేసుకున్న మందు. కుడివైపు పరగడుపు చక్కెర, మూడు నెలలకొకసారి హెచ్‌బీఏ1సీ. కొందరు చీటీ అక్కడే వదిలి వెళ్ళిపోతారు. కొందరు మూడు నెలల తరువాత పుస్తకం చంకన పెట్టుకొని వస్తారు. కుడివైపు అంకె పెరిగిన దినాన ఎడమవైపు ఏమి వ్రాసి ఉన్నదో ముందుగా చూస్తాము. చాలాసార్లు అక్కడ ఒక పెళ్ళి భోజనం ఉంటుంది.